జపాను గ్రామములలోని ఋతూత్సవములు – జానపద నృత్యకళలు : ఒక పరిశీలనము

పాణినీయ ధాతుపాఠమునందు 'యజ' ధాతువునకు దేవపూజ, సంగతికరణము, దానము అని మూడర్థములు నిర్దేశింపబడినవి. దేవతను అర్చించుట, పదిమందిని ఒకచోట కలుపుట, తనకున్న దానిని సమర్పించుట అను మూడును ఒక్క క్రియయందే ఇమిడియున్నవని శాబ్దికుల ఆశయము. జపాను భాషలో ఉత్సవమునకు 'మత్సురి' అని పేరు. సేవించుట, సమర్పించుట అను అర్థముగల 'మత్సురు' అను క్రియనుండి ఈ నామము నిష్పన్నమైనది. ఈ రెండు శబ్దములకును జన్యజనక సంబంధమేమియు లేదు. అయినను జపాను పల్లెలలో నేటికిని జరుగుచున్న ఋతూత్సవముల స్వరూపమును గ్రహించుటకు యజధాతువుయొక్క మూడర్థములును మూడు కొలతలుగా ఉపకరించుచున్నవి. ఆ ఉత్సవముల క్రమము, వానిని ఆశ్రయించి బ్రతికిన నృత్యకళలు, జనము తరిగిపోవుచున్న పల్లెలలో వానికి వాటిల్లిన సంకటము, ఆ సంకటము విషయమున పూర్వమీమాంసలోని ప్రతినిధి విచారము చూపగల వెలుగు – ఇవి ఈ వ్యాసమున క్రమముగా నిరూపింపబడును.

ఋతుచక్రము

జపాను జానపద విజ్ఞానమునకు పునాది వేసిన యనగితా కునియో (1875–1962) అచటి పల్లెజనుల నమ్మకమునొకదానిని విశదముగా ప్రతిపాదించెను. కొండయందు నివసించు దేవత వసంతమున దిగివచ్చి పొలముదేవతయై పైరును కాచును. శరత్తున కోతలు ముగిసిన పిమ్మట మరల కొండకు చేరును. దేవతయొక్క ఈ రాకపోకలే ఉత్సవములకు కాలనిర్ణయము చేయుచున్నవి. నిత్యజీవనమునకు 'కె' అనియు, పర్వదినమునకు 'హరె' అనియు జపానీయులు పేరిడిరి. ఈ రెండింటి భేదమును శాస్త్రీయముగా వివరించినవాడును యనగితాయే. 'కె' దినములలో తినని అన్నము, కట్టని వస్త్రము, పాడని పాట 'హరె' దినములలో విహితములు.

చలికాలపు చివర జరుగు ఉత్సవములు భావిఫలమును ముందుగనే అభినయించుటకు ఏర్పడినవి. అఒమొరి మండలమునందలి హచినొహె ప్రాంతమున ఫిబ్రవరి 17 నుండి 20 వరకు జరుగు 'ఎంబురి' ఇట్టిది. ఎంబురి యనగా పొలమును చదునుచేయు పనిముట్టు. గుఱ్ఱపుతలను పోలిన పెద్ద శిరోవేష్టనములు ధరించిన నర్తకులు, నేలపై మంచు ఇంకను కరగకమునుపే, తలలు ఊపుచు దుక్కి, చదును, నాట్లు మొదలగు పనులను నృత్యముగా ప్రదర్శింతురు. మంచుక్రింది నేలను మేలుకొలుపుటయే దీని ప్రయోజనమని ఆ ప్రాంతమువారి విశ్వాసము. చేసిన కర్మకును కాలాంతరమున కలుగు ఫలమునకును నడుమ 'అపూర్వము' అను సంబంధమును మీమాంసకులు కల్పించిరి. ఫిబ్రవరియందలి నృత్యము శరత్తునందలి ధాన్యమునకు హేతువగుననువారు ఆ పదమును ఎఱుగకున్నను ఆ భావమును ఎఱుగుదురు.

నాట్లకాలమున హిరొషిమా మండలమునందలి మిబు గ్రామమున జూన్ మాసపు మొదటి ఆదివారమున 'హనతవుఎ' జరుగును. అలంకరించిన జీనులతో ఎడ్లు పొలము దున్నును. పిమ్మట నాట్లు వేయు స్త్రీలు బారుతీరి నారు నాటుదురు. 'సంబాయ్' అను నాయకుడు వెదురుకఱ్ఱలను తాటించుచు పాట నడిపించును. తప్పెటలు, పిల్లనగ్రోవి, చిన్న కంచుతాళములు తోడగును. పొలముదేవతకును సంబాయ్ అనియే పేరు. ఈ ఉత్సవమును యునెస్కో 2011లో మానవజాతి అమూర్త వారసత్వ పట్టికయందు చేర్చినది. తెలుగునాట ఏరువాక పున్నమ దుక్కికి సంబంధించినది. నాట్లపాటలు నేటికిని వినవచ్చుచున్నవి. వరి పండించు దేశములలో శ్రమయు పాటయు జంటగా పుట్టుట సహజము. అందుచే ఈ సామ్యమునకు పరస్పర ప్రభావమును వెదకనక్కరలేదు.

వేసవి నడుమ పితృదేవతలు ఇండ్లకు వచ్చు 'బొన్' పర్వము కలదు. నగనొ మండలమునందలి నీనొ గ్రామమున ఆగస్టు 14, 15, 16 తేదీల రాత్రులందు తెల్లవారువరకు నృత్యము జరుగును. వాద్యమొక్కటియు ఉండదు. నడుమనున్న ఎత్తైన మంచెపై నిలిచినవారు పాట ఎత్తుకొందురు. చుట్టును తిరుగు నర్తకులు బదులు పాడుదురు. 17వ తేదీ తెల్లవారుజామున, ఆ సంవత్సరమున మరణించినవారికై వెలిగించిన దీపపంజరములను ఊరిచివరకు కొనిపోయి దహింతురు. మరలివచ్చునప్పుడు ఎవరును వెనుకకు చూడరు. శ్మశానమునుండి మరలువారు వెనుదిరిగి చూడరాదను ఆచారము తెలుగునాటను కలదు. పితరులను ఆదరముతో పిలుచుట ఎంత ముఖ్యమో, ఆదరముతో సాగనంపుటయు అంత ముఖ్యమని రెండుచోట్లను పెద్దలు ఎఱిగియుండిరి.

కళావిభాగము

ఈ ఉత్సవములందలి నృత్యగీతములను ఒక క్రమమున విభజించినవాడు హొందా యసుజి (1906–2001). ఆయన విభాగమున ముఖ్యమైనవి మూడు: దేవతను ఆహ్వానించి ఆయుష్షును కోరు 'కగురా', సేద్యమునకు సంబంధించిన 'దెంగకు', వ్యాధులను దురాత్మలను పారద్రోలుటకును మృతులను తృప్తిపఱచుటకును అలంకారవైభవముతో ఆడు 'ఫూర్యూ'. వీనికి తోడు శుభాకాంక్షలు పలుకు కళలను, విదేశములనుండి వచ్చిన కళలను ఆయన వేఱుగా పరిగణించెను. పై ఎంబురి, హనతవుఎ దెంగకు వర్గమునకును, నీనొ నృత్యము ఫూర్యూ వర్గమునకును చెందినవి. ఫూర్యూ నృత్యములు 24 మండలములకు చెందినవి 41, నీనొ నృత్యముతో సహా, 2022లో యునెస్కో పట్టికను చేరినవి.

కగురా : దేవపూజాంశము

కగురాకు మూలకథ 712లో సంకలితమైన 'కొజికి' యందును, 720లో ముగిసిన 'నిహొన్ షొకి' యందును కలదు. సూర్యదేవత అమతెరసు కోపించి శిలాగుహయందు దాగికొనగా లోకము చీకటి పాలయ్యెను. అప్పుడు అమెనొఉజుమె అను దేవకాంత బోర్లించిన తొట్టెపై అడుగుల చప్పుడుతో నర్తించెను. దేవతలు పక్కున నవ్విరి. ఆ నవ్వునకు ఆశ్చర్యపడి సూర్యదేవత గుహనుండి తొంగిచూచెను. లోకమునకు వెలుగు మరలివచ్చెను. ఋగ్వేదమున వలుని బిలమునుండి గోవులను, ఉషస్సును వెలికితెచ్చిన వృత్తాంతము తెలిసినవారికి ఈ కథ క్రొత్తగా తోపదు. భేదమొక్కటి కలదు. అచట బిలము స్తోత్రబలమున బ్రద్దలైనది. ఇచట నృత్యము వలనను నవ్వు వలనను గుహ తెఱువబడినది.

అయిచి మండలపు కొండలలో, తొయొనె, తోఎయి మొదలగు ప్రాంతములందలి పల్లెలలో జరుగు 'హనమత్సురి' ఈ భావమునకు ఉదాహరణము. పూర్వము చాంద్రమాన పదునొకండవ మాసమున, సూర్యుని బలము క్షీణించియున్న కాలమున, ఇది జరుగుచుండెను. 1873లో జపాను సౌరమానమును స్వీకరించిన తరువాత తేదీలు మాఱినవి. నేడు ఒక్కొక్క పల్లె నవంబరు మొదలు మార్చి వరకు ఒక్కొక్క దినమున జరుపుకొనుచున్నది. నృత్యశాల నడుమ మట్టిపొయ్యిపై పెద్దకాగులో నీరు మరగుచుండును. పైన కాగితపు కత్తిరింపులతో కూర్చిన మేలుకట్టు వ్రేలాడును. దాని చుట్టును రాత్రియంతయు నృత్యము సాగును. చిన్నపిల్లల 'హన' నృత్యము, ముగ్గురు బాలుర నృత్యము, నలుగురు యువకుల నృత్యము వరుసగా వచ్చును. ఒకే ఊరివాడు పసివయసునుండి యౌవనము వరకు ఈ మెట్లు ఎక్కుచు పెరుగును. విద్యయు వయస్సును కలిసి నడచు ఈ పద్ధతి గురుకులక్రమమును స్మరింపజేయును.

నడురేయి 'ఒని' అనబడు భీకరముఖులు గొడ్డండ్లతో ప్రవేశింతురు. వారిలో ప్రధానుడు సకాకి-ఒని. పూజారి అతనిని నిలదీసి నీవెవ్వడవని ప్రశ్నించును. ఇరువురకును వాదము జరుగును. తుదకు ఒని ఓడి, నేలను గట్టిగా త్రొక్కి దుష్టశక్తులను అణచి, ఊరికి బలమిచ్చును. కావున ఒని ఇచట వధ్యుడు కాడు; వాదమున జయించి మిత్రునిగా చేసికొనదగినవాడు. చివర నర్తకులు గడ్డికుంచెలను మరగునీటిలో ముంచి జనులపై చల్లుదురు. ఆ తుంపరలు సోకినవారికి సంవత్సరమంతయు ఆరోగ్యమని నమ్మకము. ఈ ఉత్సవమును సమగ్రముగా పరిశీలించి హయకవా కొతారో (1889–1956) 1930లో 'హనమత్సురి' అను బృహద్గ్రంథమును ప్రకటించెను.

ఇవతె మండలమున హయచినె కొండపాదమున తకె, ఒత్సుగునయ్ అను రెండు ఊళ్ళలో మఱియొక కగురా సంప్రదాయము కలదు. కొండలలో తపస్సుచేయు 'యమబుషి' సాధకులనుండి ఇది సంక్రమించినదని ప్రతీతి. ఒత్సుగునయ్ యందు 1488 నాటి కగురా ప్రదానపత్రము భద్రపఱుపబడియున్నది. 2009లో ఇది యునెస్కో పట్టికను చేరినది. రెండూళ్ళ కొండదేవత ముఖములలో ఒకటి నోరు తెఱచియు, రెండవది మూసియు ఉండును. ఈ జంటకు 'అ–ఉన్' అని పేరు. ఇది సంస్కృతమునందలి అకార హూంకారముల రూపాంతరము. ఉత్సవాంతమున సింహముఖమును ధరించి నర్తకుడు ఆడును. ఆ ముఖమును 'గొంగెన్' అందురు. బుద్ధబోధిసత్త్వులు జపాను దేవతారూపమున ప్రకటమగుదురను సిద్ధాంతమునుండి ఈ పదము పుట్టినది. అవతార శబ్దమునకు ఇది సన్నిహితము. ఆ సింహముఖము నటుని ఆహార్యము మాత్రము కాదు, సాక్షాత్ దేవతయే. నటుడు దానిని ధరించుటకు అధికారి కావలెను.

అఎనొకొతొ : దానాంశము

ఇషికవా మండలపు నొతొ ద్వీపకల్పమున 'అఎనొకొతొ' అను గృహోత్సవము కలదు. డిసెంబరు 5వ తేదీన గృహస్థుడు పండుగ దుస్తులు ధరించి, పొలమునుండి దేవతాదంపతులను ఇంటికి పిలుచుకొనివచ్చును. ఆ దేవతకు చూపు మందమని నమ్మకము. అందుచే గృహస్థుడు మెట్టు వచ్చినచోట హెచ్చరించును. స్నానమునకు నీరు కాచి, వెచ్చదనము సరిపోయినదా అని అడుగును. భోజనము వడ్డించి, ఇది అన్నము, ఇది చేప, ఇది ముల్లంగి అని ఒక్కొక్కటిగా వివరించును. ఎదుట ఎవరును కనబడరు. చలికాలమంతయు దేవత ఆ ఇంటనే వసించును. ఫిబ్రవరి 9వ తేదీన మరల విందుచేసి పొలమునకు సాగనంపుదురు. ఇందు పురోహితుడు లేడు, వాద్యము లేదు, ప్రేక్షకులకు చోటు లేదు. షోడశోపచారములు ఎఱిగినవారికి ఇందలి భక్తి సుగ్రహము. ఉపచారమునకు ప్రాణము దేవత సన్నిహితయై యున్నదను నిశ్చయమే.

భారతీయ సంబంధము : సత్యమెంత?

జపాను కళలకు భారతదేశము మూలమని స్థూలముగా చెప్పుట ఉచితము కాదు. చరిత్రసిద్ధమైనది చెప్పదగును. భారతీయ భిక్షువు బోధిసేనుడు 736లో జపాను చేరెను. 752లో నారా యందలి తోదాయ్‌జి మహాబుద్ధ ప్రతిమకు నేత్రోన్మీలనము చేసెను. ఆయనతో చంపాదేశీయుడగు భిక్షువు ఒకడు వచ్చెననియు, ఆ మార్గమున కొన్ని నృత్యములు ఆస్థాన సంగీతమున చేరెననియు సంప్రదాయము. కలవింక పక్షి నృత్యము నేటికిని ఆ ఆస్థానకళలో నిలిచియున్నది. బొన్ పర్వమునకు మూలమైన పదము 'ఉల్లంబన' మను సంస్కృత శబ్దమని చిరకాలముగా చెప్పబడుచున్నను, ఆ వ్యుత్పత్తి వివాదాస్పదము.

ఇంతకంటె ఆసక్తికరమైనది జెఅమి చెప్పిన కథ. నో నాటకమునకు శాస్త్రకర్తయైన ఈ నటుడు 'ఫూషికదెన్' అను గ్రంథమున తన కళ యొక్క పుట్టుకను ఒకవైపు అమెనొఉజుమె నృత్యమునకును, మఱియొకవైపు జేతవనమునకును ముడిపెట్టెను. బుద్ధుడు ధర్మము చెప్పుచుండగా దేవదత్తుడు అన్యమతస్థులను వెంటబెట్టుకొనివచ్చి గందరగోళము కావించెను. అప్పుడు శారిపుత్రుడు, ఆనందుడు, పూర్ణుడు మందిరపు వెనుకవాకిట అఱువదియాఱు ప్రదర్శనములు కావించిరి. అల్లరిచేయువారు చూచుటకై అటు చేరి నిశ్శబ్దులైరి. ఈలోగా ఉపదేశము నిర్విఘ్నముగా ముగిసెను. ఈ కథకు బౌద్ధ సంస్కృత వాఙ్మయమున ఆధారము వెదకుటకంటె, నాట్యశాస్త్ర ప్రథమాధ్యాయముతో పోల్చిచూచుట ఫలవంతము. ఇంద్రధ్వజోత్సవమున తొలినాటకము ప్రదర్శింపబడినప్పుడు విఘ్నములు నటులను స్తంభింపజేసెను. ఇంద్రుడు ధ్వజదండమును ఎత్తి వానిని జర్జరితములు కావించెను. ఆ దండమునకు జర్జరమని పేరు వచ్చెను. పిమ్మట బ్రహ్మ సామోపాయమున విఘ్నములకు నచ్చజెప్పెను. భరతుని కథలో దండము ముందు, సామము వెనుక. జెఅమి కథలో దండమే లేదు. ప్రదర్శనమే శత్రువును ప్రేక్షకునిగా మార్చినది. హనమత్సురిలో ఒనిని వాదమున గెలిచి మిత్రునిగా చేసికొనుటయు ఈ బాటయే.

సంగతికరణమునకు వచ్చిన సంకటము

పై మూడంశములలో పూజయు దానమును నిలువవలెనన్న సంగతికరణము ఉండవలెను. జపాను కొండపల్లెలలో నేడు సడలినది అదియే. యువకులు నగరములకు తరలిపోవుటచే పల్లెలు పాడగుచున్నవని గుర్తించి అచటి ప్రభుత్వము 1970లోనే ప్రత్యేక శాసనమును తెచ్చినది. సాంస్కృతిక సంపద రక్షణకు 1950లో చట్టము వచ్చినది. 1975లో దానిని సవరించి జానపద కళలకును ఆచారములకును 'ముఖ్య అమూర్త జానపద సంపద' అను గౌరవము కల్పించిరి. హనమత్సురి, హయచినె కగురా, అఎనొకొతొ ఈ మూడును 1976లో ఆ గౌరవమును పొందినవి. 1992లో ఇట్టి కళలను పర్యాటకమునకు వినియోగించు ఉద్దేశముతో మఱియొక చట్టము వచ్చెను. దేవతకై ఆడునది యాత్రికునికై ఆడుటగా మారునని కొందఱు కళావిదులు దానిని ఆక్షేపించిరి.

ఎన్ని చట్టములున్నను, కాగు చుట్టును ఆడుటకు పిల్లలు కావలెను. హనమత్సురి మొదట పురుషులకే పరిమితము. బాలుర సంఖ్య చాలక అనేక పల్లెలు బాలికలను చేర్చుకొన్నవి. విరామదినమున గాని జనము కూడరని ఎన్నియో ఉత్సవములు తమ తిథులను వారాంతమునకు మార్చుకొన్నవి. ఇవతె మండలపు ఓషూ నగరమున కొకుసెకిజి ఆలయమున, వేయి సంవత్సరములకు పైబడినదని చెప్పబడు 'సొమిన్‌సాయ్' ఉత్సవము 2024 ఫిబ్రవరి 17న చివరిసారిగా జరిగి ఆగిపోయినది. నిర్వహణభారము మోయు కుటుంబములు కొలదియై, వారును వృద్ధులగుటయే కారణము. అదే సంవత్సరము జనవరి 1న నొతొ ద్వీపకల్పమున మహాభూకంపము సంభవించినది. ఆ దినమున, అఎనొకొతొ నమ్మకము ప్రకారము, పొలముదేవతలు ఇండ్లలోనే వసించియున్నారు. ఇండ్లు కూలినవి; అతిథియు ఆతిథేయియు ఒకే కష్టమున పడిరి.

ప్రతినిధి న్యాయము

ఉత్సవమునందు ఏది మారిననూ అది ఆ ఉత్సవమే యగును? ఏది మారిన అది వేఱొకటి యగును? పూర్వమీమాంసా షష్ఠాధ్యాయ తృతీయపాదమున ఈ ప్రశ్న సూక్ష్మముగా విచారింపబడినది. విహితమైన ద్రవ్యము లభింపనిచో దానిని పోలిన మఱియొక ద్రవ్యమును గ్రహింపవచ్చును; వ్రీహులకు నీవారములు ప్రతినిధి. దేవతకు, మంత్రమునకు, క్రియకు ప్రతినిధి లేదు. ఫలము కోరి కర్మ చేయు యజమానునికిని ప్రతినిధి లేడు. ఒకడు చేయవలసిన యాగమును వేఱొకనిచే చేయించి అది తనదనుట చెల్లదు.

దీనికి ఒక్క అపవాదము కలదు. అది సత్రయాగము. సత్రమున పదునేడుగురకు తక్కువగాక, ఇరువదినలుగురకు మించక కూడుకొందురు. అందఱును యజమానులే, అందఱును ఋత్విజులే. నడుమ ఒకడు మరణించిననో, తప్పుకొన్ననో, సంఖ్య పూరించుటకు వేఱొకని తెచ్చుకొనవచ్చును. అట్లు వచ్చినవాడు ఫలస్వామి కాకున్నను, యజమానునకు విహితములైన సంస్కారములను పొందియే పాల్గొనవలెను.

జపాను గ్రామోత్సవమును ఈ దృష్టితో చూచినచో అది ఏకయజమానమగు యాగముకంటె సత్రమునకే దగ్గఱగానున్నది. ఊరివారందఱును కర్తలు, అందఱును ఫలభాగులు. యమగతా మండలపు కురొకవా గ్రామమున ఈ విషయము స్ఫుటముగా కనబడును. అచట ఫిబ్రవరి 1, 2 తేదీలలో జరుగు 'ఓగి' ఉత్సవమున రైతులే నో నాటకములు ఆడుదురు. ఊరు రెండు కూటములుగా ఏర్పడి పోటీతో ఆడును. ఆతిథ్యభారము కుటుంబములకు వంతులవారీగా వచ్చును. వృత్తినటులు లేరు. కావున ఇట్టిచోట బాలురకు బదులు బాలికలను, ఊరివానికి బదులు పొరుగూరివానిని గ్రహించుట సత్రమునందలి ప్రతినిధిగ్రహణము వంటిది. న్యాయమునకు విరుద్ధము కాదు. అయితే వచ్చినవాడు సంస్కారమును పొందవలెను. రాత్రియంతయు మేల్కొని, శుద్ధినియమములు పాటించి, పాటలు పెద్దలనుండి ముఖతః నేర్చి ఆడువాడు ప్రతినిధి యగును. వేషము మాత్రము ధరించి గడియసేపు ఆడి పోవువాడు కానేరడు. తిథిని మార్చుట అంతకంటె కష్టమైన విషయము; దేవత రాకపోకలు ఋతువునకు కట్టుబడినవి గదా. ప్రేక్షకులకై క్రియనే కుదించినచో అచట ప్రతినిధి లేదు, కర్మయే వేఱైనది.

సొమిన్‌సాయ్ నిర్వాహకుల నిర్ణయమును ఈ న్యాయము వెలుగులో చూడదగును. సంఖ్య చాలని సత్రమును ఏదోవిధముగా కొనసాగించుట కంటె ఆపుటయే ఉచితమని వారు తలంచిరి. హనమత్సురి పల్లెలలో కొన్ని బాలికలను చేర్చుకొని సంఖ్యను పూరించినవి. ఈ రెండు మార్గములును ఒకే గౌరవమునుండి పుట్టినవి. క్రియకు లోపము రానీయకూడదను తలంపు రెండింటను సమానము.

యజధాతువు మూడర్థములలో సంగతికరణము నడుమ నిలుపబడినది. పూజకును దానమునకును అది ముడి వంటిది. ఆ ముడి నిలిచినంతవఱకు ముఖములు ధరించువారు మారినను దేవత వచ్చును. అది విడిపోయినచో ముఖములు ప్రదర్శనశాలలో చెక్కుచెదరక నిలిచియుండవచ్చును గాని వానికి తోవ చూపి, నీరు కాచి, అన్నము వడ్డించువారు ఉండరు. జపాను పల్లెల పెద్దలు నేడు కాపాడుటకు యత్నించుచున్నది ఈ ముడినే. ఏ దేశమునందైనను గ్రామోత్సవములను పరిశోధించువారు, నృత్యము ఎంత ప్రాచీనమను ప్రశ్నతోబాటు, ఈ సంవత్సరము కాగు చుట్టును ఎవరు నిలిచిరను ప్రశ్నను గూడ వేసికొనుట యుక్తము.